నాలుగంగుళాల గీత

మా ఇంట్లో ఒక విడ్డూరం ఉంది. ఫుట్‌బాల్ జరుగుతుంటే మొగుడు అరవకూడదు, పెళ్లాం చూడలేదు. అయినా ముప్పై నాలుగేళ్లలో బ్రాంట్ కాలేజీ మా ఊళ్లో ఆడిన ఏ ఒక్క ఆటకూ మేమిద్దరం వెళ్లకుండా ఉండలేదు.

ఆ పెళ్లాన్ని నేనే. పేరు మార్లిస్. బంతి గాల్లోకి లేచిందంటే నా గుండె గొంతులోకి వస్తుంది. ఎర్ర టోపీ ముక్కు దాకా లాక్కుని బిక్కచచ్చి కూర్చుంటాను. అది ఎవరి చేతిలో పడిందో జనం వేసే కేకను బట్టి తెలుసుకోవడమే. "టిక్కెట్టు కొనుక్కుని కళ్లు మూసుకునేదానివి, ఇంట్లో కూర్చుని రేడియో వినరాదూ" అని వెనక వరసవాళ్లు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. రేడియోకి ఆ చలిగాలి ఉంటుందా, పక్కవాడి మోచెయ్యి తగులుతుందా?

మొగుడి పేరు వెర్లిన్. మైదానం అంచున గొలుసు పట్టే నలుగురిలో ఒకడు. మా ఆటలో బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందున్న మనవాడికి విసరాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు తోసుకెళ్తే ఇంకో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. తోయలేకపోతే బంతి అవతలివాళ్ల పాలు. ఆ పది గజాల కొలతే గొలుసు. దానికి వెనక కొసన ఒక కర్ర, ముందు కొసన ఒక కర్ర. గొలుసు పరిచిన ప్రతిసారీ వెర్లిన్ వంగి, మధ్యలో ఏ తెల్లగీత వచ్చిందో చూసి, సరిగ్గా అక్కడ గొలుసుకి చిన్న క్లిప్పు తగిలిస్తాడు. బంతి పది గజాలు దాటిందా లేదా అని అనుమానం వస్తే, గొలుసును మైదానం మధ్యకు మోసుకెళ్లి, ఆ క్లిప్పును అదే గీత మీద ఆనించి బిగలాగుతారు. ముందు కర్ర ఎక్కడ నిలిస్తే అక్కడికి పది గజాలు. గీత వెడల్పు నాలుగంగుళాలు. క్లిప్పు ఎప్పుడూ గీత వెనక అంచుకే పెట్టాలి. అంతే పని. జీతం లేదు. ఒంటి మీదికి చేతుల్లేని నారింజరంగు చొక్కా, సగం ఆట అయ్యాక ఒక హాట్‌డాగ్. కానీ ఆ చొక్కా వేసుకున్నంతసేపూ చప్పట్లు కొట్టకూడదు, కేక వేయకూడదు, కనీసం పళ్లు కనబడేలా నవ్వకూడదు. మా ఊరివాడే, మా కాలేజీలో చదివినవాడే. అయినా ఆ మూడు గంటలూ ఏ ఊరివాడూ కాదు.

ఇక మా పంతం. నది అవతల నలభై మైళ్ల దూరంలో వెస్ట్‌లండ్ అని ఒక ఊరుంది. దానికీ ఒక కాలేజీ ఉంది. నూరేళ్ల కిందట రెండు ఊళ్లకూ మధ్య ఉండే చేతిపంపు పిడి ఒకటి మిగిలింది. మూరెడు పొడవు, తుప్పు పట్టిన ఇనుము. ఏటా నవంబరులో రెండు కాలేజీలూ తలపడతాయి. గెలిచిన ఊరి కాఫీ హోటల్లో ఆ పిడి ఏడాదిపాటు గోడకు వేలాడుతుంది. మా ఊరి కాఫీ హోటల్ నాది. కాఫీ కాచే చోట, నా తలపైన గోడకు రెండు మేకులున్నాయి. పంతొమ్మిదేళ్లుగా ఖాళీ. వారం వారం వాటికి పట్టిన దుమ్ము తుడుస్తాను. ఖాళీ మేకులు తుడవడం ఎంత చిరాకో తుడిచినవాళ్లకే తెలుస్తుంది.

అది చాలదన్నట్టు ఇంకో ఆనవాయితీ ఉంది. ఓడిన ఊరి హోటల్ ఆవిడ ఆదివారం మధ్యాహ్నంలోగా ఒక పెద్ద పళ్లెం నిండా, దాల్చినచెక్క పొడి చల్లి చుట్టిన సినమన్ రోల్స్ కాల్చి, స్వయంగా మోసుకెళ్లి, గెలిచిన ఊరి హోటల్లో ఆ పిడి కింద పెట్టాలి. మాంసం, చిక్కుడు గింజలు వేసిన చిల్లీలో ఆ తీపి రొట్టె ముంచుకుని వాళ్లు తింటారు. మనం నిలబడి చూడాలి. పళ్లెం కడగకుండా తిరిగిస్తారు. పంతొమ్మిది పళ్లేలు మోశాను నేను.

వెర్లిన్‌కు వేరే అవమానం ఉండేది. వెస్ట్‌లండ్ వాళ్లు మా ఊరు వచ్చినప్పుడల్లా, అంటే రెండేళ్లకోసారి, ఆట మొదలవడానికి ముందు ఆర్విల్ శాండాల్ అనే పెద్దాయన కోటు జేబులోంచి టేపు తీసుకుని మైదానంలోకి వస్తాడు. వాళ్ల ఊళ్లో ఆయనా నలభై ఏళ్లు గొలుసు పట్టినవాడే. మా గొలుసును గడ్డి మీద పరిపించి, మోకాళ్ల మీద కూర్చుని టేపుతో కొలుస్తాడు, అందరూ చూస్తుండగా. మా గొలుసు తక్కువ పొడవుందేమోనని అనుమానం! టేపు రెండో కొస పట్టుకునేది ఎవరనుకున్నారు? మా ఆయనే. "పది గజాలే ఉంది, ఈసారికి" అంటాడు ఆ పెద్దాయన లేచి మోకాళ్లు దులుపుకుంటూ. వెర్లిన్ టేపు చుట్టి ఆయన చేతికిస్తాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మొన్న శనివారం కూడా కొలిచాడు. "ఈసారికి" అన్నాడు.

ఆట సంగతి చెప్పాలంటే నా నోరు చాలదు. అటువంటి ఆట నా జన్మలో చూడలేదు, చూసినంతవరకు. ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది, గడ్డి గట్టిపడిపోయింది. మావాళ్లు సగం ఆటకి పదహారు వెనకబడి, మళ్లీ ఒక్కొక్క గజమే తవ్వుకుంటూ వచ్చారు. మా పిల్లల్లో ఎవరికీ రేపు పెద్ద జట్లలో చోటు రాదు. ఒకడు పశువుల డాక్టరవుతాడు, ఒకడు నాన్న పొలంలో దిగుతాడు. అయినా ఆ పడటం, ఆ లేవడం చూస్తే ఒళ్లు జలదరించింది. చివరి రెండు నిమిషాలకి వెస్ట్‌లండ్ ఇరవై, మేము పదహారు. నాలుగు పాయింట్ల తేడా. బంతిని వాళ్ల చివరి గీత దాటిస్తే ఆరు వస్తాయి. బంతి మా చేతిలో ఉంది, కానీ మైదానానికి మా వైపు చివరే ఉంది.

అప్పుడు లేచింది బంతి, చాలా పైకి. నేను టోపీ లాక్కున్నాను.

ముందు నిశ్శబ్దం. తర్వాత కేక. ఆ కేక చెవుల్లోంచి కాదు, కాళ్ల కింది చెక్కల్లోంచి వచ్చింది. టోపీ ఎత్తి చూస్తే కోల్బీ సెద్లాచెక్, మా మెకానిక్ కొడుకు, వెస్ట్‌లండ్ గోలుకు పద్దెనిమిది గజాల దూరంలో బంతిని గుండెకు హత్తుకుని పడి ఉన్నాడు. పక్కావిడ నా మెడ పట్టుకుని ఊపేస్తోంది. గొలుసువాళ్లు పరిగెత్తుకెళ్లారు. కర్రలు పాతారు. వెర్లిన్ వంగి క్లిప్పు తగిలించాడు.

తర్వాత మూడు ప్రయత్నాల్లో తొమ్మిది గజాల చిల్లర. నాలుగోసారి మారెక్‌కు ఇచ్చారు బంతి. దున్నపోతులాంటి కుర్రాడు. తలొంచుకుని దూరాడు. పదిమంది మీద పడ్డారు. కుప్ప విప్పి చూస్తే బంతి సరిగ్గా పది గజాల హద్దు మీద. దాటిందా, దాటలేదా? దాటితే ఇంకో నాలుగు ప్రయత్నాలు, నలభై సెకన్లు, ఎనిమిది గజాలు. మారెక్ ఉండగా ఎనిమిది గజాలు ఒక లెక్కా? ఆ రెండు మేకులు నా కళ్ల ముందు మెదిలాయి.

రెఫరీ గొలుసు తెమ్మని చెయ్యి ఊపాడు. బంతి నేల మీదే ఉంది గనక నేను కళ్లు తెరుచుకునే చూశాను. నలుగురూ గొలుసు ఎత్తుకుని నడిచారు. వెర్లిన్ క్లిప్పు పట్టుకుని మధ్యలో నడుస్తున్నాడు, ఎందుకో మెల్లగా. రెఫరీ క్లిప్పును గీత వెనక అంచుకు ఆనించాడు. ముందు కర్ర పట్టిన డ్వేన్ గొలుసు బిగలాగాడు. డ్వేన్ కుచెరా మా ఊరి ధాన్యం గిడ్డంగి చూసే మనిషి, మావాడికి బడి నాటి స్నేహితుడు. రెఫరీ వంగి చూసి, వేళ్లతో చూపించాడు. బంతి ముక్కు కర్ర దాటి రెండు వేళ్లు ముందుంది!

ఊరు ఊరంతా లేచి నిలబడింది. నేనైతే ముందు వరసాయన నెత్తి మీద కాఫీ ఒలకబోశాను. ఆయన కూడా పట్టించుకోలేదు.

అప్పుడు మా ఆయన రెఫరీ చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు.

ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు. చేత్తో గీతను చూపించాడు, ఈ అంచు కాదు ఆ అంచు అన్నట్టు. రెఫరీ ఆయన వైపు తిరిగాడు. ఏదో అడిగాడు. వెర్లిన్ తలూపాడు. జనం మెల్లగా కేకలు ఆపేశారు. గొలుసు మళ్లీ ఎత్తారు, క్లిప్పును గీత ముందు అంచుకు జరిపి పెట్టారు, మళ్లీ బిగలాగారు. బంతి మూడు వేళ్లు తక్కువ.

వెస్ట్‌లండ్‌కు ఇచ్చేశారు బంతి. వాళ్లు బంతి పట్టుకుని, ముందుకు కదలకుండా మోకాలు వంచి కూర్చుని, మిగిలిన సెకన్లు ఖర్చు చేసేశారు. ఇరవయ్యో ఏడు.

సాయంత్రం హోటల్ మూసి, వంటింట్లో పిండి కలుపుతున్నాను. కలపడం కాదు, దాన్ని చితకబాదుతున్నాను. వెర్లిన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నాలుగంగుళాలయ్యా!" అన్నాను.

"మూడు వేళ్లు."

"ఏడ్చినట్టుంది! ముప్పై నాలుగేళ్లు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు. నోరు తెరవక తెరవక ఇవాళే తెరవాలా? తెరిచిన ఆ ఒక్కసారీ మన కొంపే ముంచాలా?"

"రాయిలా నిలబడి ఉంటే ఈ గొడవే ఉండేది కాదే," అన్నాడు కుర్చీలో కూలబడి. "తలెత్తి చూశా."

"ఏం చూశావు?"

"కోల్బీ పట్టడం చూశా. బంతి గాల్లో ఉంటే నేనెప్పుడూ చూడను. నా చూపంతా గీత మీదే ఉంటుంది. నిన్న దాకా అంతే. ఇవాళ ఆ బంతి మరీ ఎత్తుకెళ్లింది, తల దానంతటదే లేచింది. ఇంక కళ్లు తిప్పుకోలేకపోయా. కాళ్లూ చేతులూ వణికాయి మార్లిస్. ఆ వణుకుతోనే క్లిప్పు పెట్టా. గీత ముందు అంచుకి పెట్టేశా. కొలిచేటప్పుడు దాన్ని వెనక అంచుకి ఆనిస్తే ముందు కర్ర నాలుగంగుళాలు వెనక్కొచ్చి మనకి కలిసొచ్చేట్టు."

"సరే, పెట్టావు. ఎవరు చూడొచ్చారు?"

"కొలవడానికి గొలుసు ఎత్తుతుంటే నేనే చూశా."

పిండి మీద నా చెయ్యి ఆగింది.

"అప్పుడే చెప్పాల్సింది. చెప్పలా. అక్కణ్ణుంచి బంతి దగ్గరికి ముప్పై అడుగులు. అడుగడుక్కీ దేవుణ్ణి అడిగా. అటో ఇటో జానెడు తేడా రానీ తండ్రీ, నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే అయ్యేట్టు చెయ్యి అని. ఆ మహానుభావుడు రెండు వేళ్లు ఇచ్చాడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందుకని ఏడవలేదు, నవ్వలేదు, కోపాన్నే పట్టుకున్నాను. కోపం నాకు అలవాటైన గిన్నె, ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

"సోమవారం పొద్దున్నే కాలేజీకి వెళ్లి చొక్కా ఇచ్చేస్తా," అన్నాడు. నారింజ చొక్కా అప్పటికే మడతపెట్టి కాగితం సంచిలో పెట్టుకున్నాడు. "తలెత్తినందుకు కాదు. ఆ ముప్పై అడుగులకి. అలా నడిచినవాడు క్లిప్పు పట్టకూడదు."

ముప్పై నాలుగేళ్లలో ఆయన తన కోసమని అడిగింది ఆ చొక్కా ఒక్కటే. పెళ్లయిన మర్నాడే ఆట ఉందంటే పెళ్లి విందు కూడా తొందరగా ముగించాం.  అయినా నోటి దురుసు ఆగదు కదా. "ఇచ్చెయ్యి, ఊరికి పట్టిన పీడ వదులుతుంది" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను, కానీ ఆయన అప్పటికే వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చిలో మా బల్ల మీద మేమిద్దరమే కూర్చున్నాం. ఎప్పుడూ మా పక్కన ఇరుక్కునే డ్వేన్ ఎదుటి వరసకి వెళ్లాడు. బయటికొస్తుంటే వెర్లిన్‌తో అననే అన్నాడు. "ఒరేయ్, ఈ పంతొమ్మిదేళ్లలో నా ముగ్గురు పిల్లల పెళ్లిళ్లయ్యాయి, మనవలు పుట్టారు, ఆ పిడి మాత్రం చేత్తో ముట్టుకోలేదు. నిన్న ముట్టుకునేవాణ్ణి. మా బావమరిదికి ఇప్పిస్తా ఆ చొక్కా. వాడికి కళ్లూ సరిగ్గా కనబడతాయి, నోరూ సరిగ్గా మూసుకుంటాడు." వెర్లిన్ తల ఊపాడు, నిజమే అన్నట్టు. అది చూసి నాకు డ్వేన్ మీద మండింది. నేను తిట్టొచ్చు, నా మొగుడు. వాడెవడు తిట్టడానికి?

పళ్లెం కారులో పెట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. కోసేసిన మొక్కజొన్న చేల మధ్య నలభై మైళ్లు. ఆ దారి పొడుగునా ఏం సమాధానాలు చెప్పాలో కూడబలుక్కున్నాను. లవాన్ శాండాల్ నోటికి నా నోరు దీటుగా ఉండాలి కదా. లవాన్ వెస్ట్‌లండ్ హోటల్ ఆవిడ. ఆ ఆర్విల్ పెద్దాయన కోడలు.

తలుపు తీయగానే చిల్లీ ఘుమఘుమ, ముప్పై జతల కళ్లు. గోడకి ఆ పిడి.

"ఇరవై!" అంది లవాన్ చేతులు చాపి. "రా వదినా, రా! నీ చేతి రొట్టె తిని తిని మా ఊరి మగాళ్లకి బెల్టు బొక్కలు చాలడం లేదు. వచ్చే ఏడు వెన్న కాస్త తగ్గించు."

"వచ్చే ఏడు నువ్వే మోసుకొస్తావులే," అన్నాను. పళ్లెం పిడి కింద పెట్టాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత మామూలుగా మొదలవ్వాల్సిన గోల మొదలవ్వలేదు. ఎవరూ రోల్స్ మీదికి చెయ్యి చాపలేదు. అందరూ మూల బల్ల దగ్గర కూర్చున్న ఆర్విల్ పెద్దాయన వైపే చూస్తున్నారు.

"అమ్మాయ్ మార్లిస్," అన్నాడాయన. "ఒక్కటి అడుగుతా. నిన్న ఆ తప్పు ఇంకెవరైనా పట్టారా, మీవాడే చెప్పాడా?"

"ఎవరు పడతారు పెద్దాయనా? గొలుసు ఎత్తాక గడ్డి మీద గుర్తుంటుందా? ఆయన చెప్పకపోతే దేవుడికీ ఆయనకీ తప్ప తెలిసేది కాదు." కోపంగానే అన్నాను. "చెప్పి ఊళ్లో తలెత్తుకోలేక తిరుగుతున్నాడు. సంతోషమేనా?"

ఆయన కాఫీ కప్పు అవతలికి జరిపాడు.

"నలభై ఏళ్లు ఆ క్లిప్పు నేనూ పట్టా," అన్నాడు. "నేనైతే చెప్పేవాణ్ణి కాదు."

 లవాన్ "మావయ్యా" అంది మెల్లగా. ఆయన వినిపించుకోలేదు.

"అబద్ధమెందుకు? చెప్పేవాణ్ణి కాదు. నేను చెప్పనని నాకు తెలుసు. అందుకే మీవాడూ చెప్పడనుకున్నా. అందుకేనమ్మా మీ ఊరు వచ్చినప్పుడల్లా టేపు తెచ్చేది. గొలుసు మీద అనుమానం కాదది." కోటు జేబులోంచి ఆ టేపు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లూ నా కడుపు మండించిన టేపు అదే. అంచులు అరిగిపోయి ఉన్నాయి. "మళ్లీ మీ ఊరొచ్చినప్పుడు ఇది తేను. వెర్లిన్ క్లిప్పు పట్టినంతకాలం తేను. వేరేవాడు పట్టాడా, తెస్తా. రెండుసార్లు కొలుస్తా."

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గెందుకు, తిరిగాయి. ఆయన చూడనట్టు చిల్లీలో రొట్టె ముంచుకున్నాడు. దానితో అందరూ పళ్లెం మీద పడ్డారు.

వెళ్లేటప్పుడు లవాన్ పళ్లెం తిరిగిచ్చింది. పాకం అట్టలు కట్టి అలాగే ఉంది. "కడగలేదేం?" అన్నాను.

"గొలుసు కొలవబోమన్నాం గానీ పళ్లెం కడుగుతామన్నామా?" అంది. పాడు మనిషి. కావలించుకుని వచ్చాను.

తిరుగుదారిలో కారు మెల్లగా నడిపాను. నా జన్మంతా ఈ ఆటలో ఎవరెవరినో మెచ్చుకున్నాను. విసిరినవాణ్ణి, పట్టినవాణ్ణి, పదిమందిని మోసుకుని పడినవాణ్ణి. నిన్నటి ఆటలో మారెక్ కుప్ప కింద నుంచి లేచినప్పుడు వాడి మూతి నిండా మట్టి, అయినా బంతి వదల్లేదు. గొప్పే. కాని ముప్పై అడుగులు నోరు నొక్కుకుని నడిచి, ఊరంతా లేచి గంతులేస్తుండగా, ఆ కేకల మధ్య నోరు తెరవడం ఎంత బరువో! కుప్ప కింద పడినవాడికి తోడు పదిమంది ఉంటారు. మా ఆయనకి ఎవరున్నారు? నేనున్నానా? నేను కాఫీ ఒలకబోస్తున్నాను. ఆయన అంతటివాడని ముప్పై నాలుగేళ్లు ఒకే కంచంలో తిన్న నాకు తెలియలేదు, నది అవతలి ముసలాయనకు తెలిసింది.

హోటల్‌కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వెర్లిన్ వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. డ్వేన్, ఇంకో నలుగురు కిటికీ పక్క బల్ల దగ్గర మొహాలు వేలాడేసుకుని ఉన్నారు. కాగితం సంచి కౌంటరు మీద ఉంది. నేను కోటూ ఎర్ర టోపీ కూడా తియ్యలేదు. మధ్యలో నిలబడి, వంటింట్లోకి కూడా వినబడేలా, ఆర్విల్ అన్నదంతా అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. "నేనైతే చెప్పేవాణ్ణి కాదు" అన్న మాట రెండుసార్లు చెప్పాను.

గిన్నెల చప్పుడు ఆగింది.

డ్వేన్ కప్పు కింద పెట్టాడు. ఆ టేపు కొలతలప్పుడు ముందు కర్ర పట్టుకుని తలదించుకుని నిలబడ్డవాడు వాడూ కదా. "అంటే," అన్నాడు, "మా బావమరిది పడితే ఆ ముసలాడు మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంటాడా?"

"రెండుసార్లు," అన్నాను.

వాడు లేచాడు. కౌంటరు దగ్గరకి వచ్చి, సంచిలోంచి నారింజ చొక్కా తీసి, వంటింటి తలుపులోంచి వెర్లిన్ మొహాన విసిరాడు. "ఉతుక్కోరా దీన్ని. ముప్పై నాలుగేళ్ల కంపు." వచ్చి మళ్లీ కూర్చున్నాడు. కాఫీ వేడెక్కువైందని నా మీద విసుక్కున్నాడు.

వెర్లిన్ చొక్కా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చేతుల నిండా నురగ. "ఆ ముప్పై అడుగులు చెప్పావా ఆయనకి?" అన్నాడు నాతో.

"చెప్పలేదు. అది నీదీ నాదీ." దగ్గరకి వెళ్లాను. "నిన్న ఒక మాటన్నాను. పీడ అని. నా నోరు మంచిది కాదు."

"తెలుసులే."

"తెలిస్తే సరే. పట్టుకుంటావా క్లిప్పు?"

ఆయన చొక్కా వైపు చూశాడు. "మళ్లీ తల లేస్తే?"

"లేస్తే చెబుతావుగా."

తల ఊపాడు. చొక్కాను తొట్టిలో నీళ్లలో వేశాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది.

"అవునూ, ఎలా పట్టాడయ్యా కోల్బీ ఆ బంతి?"

"నువ్వు చూశావుగా?"

"ఎక్కడ చూశాను? టోపీ కింద ఉన్నాను."

వెర్లిన్ నా మొహంలోకి చూసి పగలబడి నవ్వాడు. చేతులు తుడుచుకున్నాడు. పిండి చుట్టే తువ్వాలు ఒకటి ఉండలా చుట్టి బంతి చేశాడు. "ఇదుగో, వాడు ఇలా వెళ్తున్నాడు. వీపు బంతి వైపు. అసలు చూడనే లేదు దాన్ని. పక్కన వాళ్లవాడు వీడి చెయ్యి పట్టి లాగుతున్నాడు. గాలి బంతిని అటు నెడుతోంది. పోయింది, చెయ్యి దాటిపోయింది అనుకున్నా. అప్పుడు వాడు ఒక్క చేత్తో, ఎడం చేత్తోనే, ఇలా వెనక్కి వాలి, వేళ్ల కొసలతో..." అరవై ఒక్కేళ్ల మనిషి, నడుం పట్టేస్తుందన్న ధ్యాస లేకుండా, పొయ్యికీ తొట్టికీ మధ్య వెనక్కి వాలాడు. తువ్వాలు ఎగరేశాడు. ఒంటిచేత్తో పట్టి గుండెకి హత్తుకుని గోడకి గుద్దుకుని నేల మీద చతికిలబడి, తల పైకెత్తి కేక వేశాడు.

అరలో గ్లాసులు గలగలలాడాయి. డ్వేన్ "ఓర్నాయనో" అంటూ లేచి పరిగెత్తుకొచ్చాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆ గొంతులో అంత కేక దాగి ఉందని నాకు తెలియదు. టోపీ నా నెత్తి మీదే ఉంది. కిందికి లాక్కోలేదు. మొత్తం చూశాను.